సావోన్లిన్నా తీసుకెళ్ళు, చిట్టీ

కాకినాడ

చిట్టీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు మాట్లాడింది. వీసాలు వచ్చాయట, జులైలో ఇద్దరూ నీ దగ్గరికి వస్తున్నారట. వినగానే ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత నువ్వు పంపిన కార్యక్రమం మొత్తం చదివి వినిపించింది. హెల్సింకీ, అక్కణ్ణుంచి ఓడెక్కి టాలిన్, మళ్ళీ ఓడెక్కి స్టాక్‌హోమ్, తిరిగొచ్చి రాత్రంతా రైల్లో రొవానియెమి, శాంతాక్లాజ్ ఊరు. ఏమే, వాళ్ళు నిన్ను చూడ్డానికి వస్తున్నారా, పెట్టెలు మోసుకు తిరగడానికి వస్తున్నారా? మీ అమ్మ మోకాళ్ళ సంగతి నీకు తెలియదా? మీ నాన్న షుగరు మాత్రలు వేళ తప్పితే ఎలా ఉంటారో తెలియదా?

కోప్పడుతున్నానని మొహం ముడుచుకోకు. ఉన్న నాలుగు రోజుల్లోనే వాళ్ళకి అన్నీ చూపించేయాలని నీ ఆరాటం. అది నాకు అర్థమయింది. కానీ నా మాట ఒక్కటి విను. ఆ కాగితంలో సగం కొట్టేసి, మూడు రోజులు సావోన్లిన్నాకి ఇవ్వు.

నువ్వు లప్పేన్‌రాంటాలో చదువుతున్నావు. నీ గది కిటికీలోంచి కనపడే ఆ సైమా సరస్సు మీదే, ఉత్తరంగా, సావోన్లిన్నా ఉంది. పారిక్కలాలో చిన్న రైలుబండిలోకి మారితే మొత్తం సుమారు రెండు గంటల ప్రయాణం. ఏడాది కావస్తోంది, ఒక్కసారైనా వెళ్ళావా? వెళ్ళలేదు. గది, యూనివర్సిటీ, పార్ట్‌టైమ్ పని, మళ్ళీ గది. అడిగితే "చలి పిన్నీ" అంటావు. మరి మే నెలలో కూడా చలేనా తల్లీ? సరేలే. డబ్బులకి వెనకాడుతున్నావని నాకు తెలుసు. ఆ సంగతి కింద రాస్తాను.

మీ బాబాయి ఫోన్ల కంపెనీలో ఉన్నప్పుడు మేం ఆ దేశంలోనే ఎస్పోలో కాపురం ఉన్నాం కదా. వేసవి వస్తే ఆఫీసులో వాళ్ళంతా సరస్సుల మీదికి మాయమైపోయేవాళ్ళు. మాకూ ఎవరో సావోన్లిన్నా పేరు చెప్పారు. 30 వేల పైచిలుకు జనం ఉన్న ఊరు. దీవుల మీద కట్టారు. ఏ వీధి చివరికి నడిచినా నీళ్ళే. ఊళ్ళో పరుగులు పెట్టి చూడాల్సింది ఏదీ లేదు. నాకు నచ్చింది అదే.

ముందు కోట గురించి చెప్తాను, ఎందుకంటే మీ నాన్న రైలు దిగగానే దాని చరిత్ర అడుగుతారు, నువ్వు తెల్లమొహం వెయ్యకూడదు. దాని పేరు ఒలావిన్లిన్నా. 1475లో ఎరిక్ అక్సెల్సన్ టొట్ అనే యోధుడు కట్టించడం మొదలుపెట్టాడు. అప్పట్లో ఫిన్లాండ్ స్వీడన్ రాజ్యంలో ఉండేది. తూర్పునుంచి మాస్కో సేనలు రాకుండా సరిహద్దు కాయడానికి ఈ కోట. రెండు సరస్సుల మధ్య ఇరుకు జలసంధిలో, బండరాతి దీవి మీద కట్టాడు. అక్కడ నీటి ప్రవాహం ఎంత జోరంటే, చుట్టూ సరస్సంతా గడ్డకట్టినా ఆ జలసంధి మాత్రం పారుతూనే ఉంటుంది. చలికాలంలో మంచు మీద నడిచొచ్చి కోటని ముట్టడించే వీల్లేదు. స్థలం ఎంచుకోవడంలో ఎంత తెలివి చూడు! అయినా చివరికి రష్యన్లు తీసుకున్నారు. మొదట 1714లో, మళ్ళీ 1742లో. మరుసటి ఏడు జరిగిన సంధితో కోట వాళ్ళ చేతికే పోయింది. మీ నాన్న "అంత తెలివైన కోట ఎలా పడిపోయిందిరా" అంటారు. ఫిరంగులొచ్చాక నీళ్ళ అడ్డు ఒక్కటే సరిపోదని చెప్పు. కాస్త కాగితం మీద రాసుకుని వెళ్ళు, నీకు తేదీలు గుర్తుండవు.

లోపల గైడుతో తిప్పి చూపిస్తారు. అది తీసుకో, వాళ్ళు కథలు బాగా చెప్తారు. ముట్టడి వేసిన శత్రువుల్ని ఒక నల్ల పొట్టేలు కోట గోడెక్కి బెదరగొట్టిందని ఒక కథ. కోట దగ్గర ఆ పొట్టేలుకి విగ్రహం కూడా ఉంది. కానీ లోపల మెట్లు ఇరుకు, చుట్లు తిరుగుతూ పైకి పోతాయి, రాళ్ళు అరిగిపోయి ఎగుడుదిగుడుగా ఉంటాయి. మీ అమ్మని బురుజుల మీదికి ఎక్కించకు. "ఇంత దూరం వచ్చి ఎక్కకపోతే ఎలా" అంటుంది, నువ్వు కరిగిపోకు. కింద ఆవరణలో కూర్చోబెట్టి మీ నాన్నని తీసుకుని నువ్వు ఎక్కు. నిజానికి ఆ కోట లోపల కంటే బయటే అందం. సాయంత్రం ఎదుటి ఒడ్డున కూర్చుంటే మూడు బురుజులూ నీళ్ళలో కనిపిస్తాయి. జులైలో రాత్రి పదింటిదాకా వెలుతురుంటుంది. నిద్ర పట్టడం లేదని మీ అమ్మ గొణుగుతుంది. కళ్ళకి కట్టుకునే నల్ల గుడ్డ ఒకటి కొనిపెట్టు.

జులైలో ఆ కోట ఆవరణలో ఒపెరా ఉత్సవం జరుగుతుంది. ఐనో అక్తే అనే గాయని 1912లో మొదలుపెట్టింది. ఆవిడ దేశదేశాల్లో పాడిన మనిషి. ఈ కోట చూసి ఇక్కడ ఒపెరా పెట్టాలనుకుంది. మధ్యలో యుద్ధాలతో చాలా ఏళ్ళు ఆగిపోయి, 1967లో మళ్ళీ మొదలైంది. టికెట్లు ఖరీదే. మీ అమ్మకి అక్కర్లేదు, సగంలో నిద్రపోతుంది. మీ నాన్న మాత్రం కుర్రతనంలో తెల్లవార్లూ పద్య నాటకాలు చూసిన మనిషి. భాష రాకపోయినా గొంతు విని కూర్చుంటారు. కుదిరితే ఆయనకొక్కరికే చవకరకం సీటు ఒకటి కొను, మీరిద్దరూ ఒడ్డున తిరగండి. శాలువా ఇచ్చి పంపు. రాతి గోడల మధ్య జులై రాత్రైనా వణుకు పుడుతుంది.

ఇప్పుడు తిండి. అసలు ఈ ఉత్తరం రాస్తున్నది దాని కోసమే. మీ అమ్మ రైస్ కుక్కరు తెస్తుందట. తెచ్చుకోనీ, లప్పేన్‌రాంటాలో నీ గదిలో వండుకోండి. సావోన్లిన్నాకి మాత్రం దాన్ని మోసుకెళ్ళకండి. హ్యాండ్‌బ్యాగులో ఒక పొట్లం కారప్పొడి చాలు. సైమా ప్రాంతాన్ని 2024కి యూరప్ గ్యాస్ట్రానమీ రీజియన్‌గా ఎంపిక చేశారు తెలుసా? అంత పేరున్న చోటికి పోయి గదిలో పులిహోర కలుపుకుంటే నేను క్షమించను.

ఊరి నడిబొడ్డున, నీటి ఒడ్డునే సంత చౌకు ఉంది. కౌప్పతోరి అంటారని నీకు చెప్పక్కర్లేదు. పొద్దున్నే అక్కడికి పోండి. గుడారాల కింద లోర్ట్సు అమ్ముతారు. పల్చటి పిండిలో పూర్ణం పెట్టి, అర్ధచంద్రంలా మడిచి, నూనెలో వేయిస్తారు. చూడ్డానికి అచ్చం మన కజ్జికాయే, కాకపోతే అరచెయ్యంత ఉంటుంది. ఇక్కడే నేను చేసిన నిర్వాకం చెప్పాలి. మా అత్తగారు ఎస్పో వచ్చినప్పుడు ఆవిణ్ణి ఆ ఊరు తీసుకెళ్ళాను. వేడివేడిగా తీస్తున్నారు కదా అని అడక్కుండా రెండు కొని ఒకటి చేతిలో పెట్టాను. ఆవిడ జన్మలో మాంసం ముట్టని మనిషి. ఒక కొరుకు కొరికి ఆగిపోయింది. లోపల మాంసమూ అన్నమూ కలిపిన ముద్ద. నన్ను ఒక్క మాట అనలేదు, నోరు కడుక్కుని వచ్చి నిలబడింది. తిట్టినా బాగుండేదే. అందుకని నువ్వు నోరు తెరిచి అడుగు. ఒమేనా అంటే ఆపిల్ పెట్టింది, అది మీ అమ్మకి. లిహా అంటే మాంసంది. మీ నాన్నకి కొనేటప్పుడు కూడా ఏ మాంసమో కనుక్కో, చాలాచోట్ల గొడ్డు, పంది కలిపి వాడతారు. ఆపిల్ దాని మీద పంచదార చల్లుతారు. మీ నాన్న "ఒక్కటే" అంటారు. ఒక్కటే ఇవ్వు, రెండోదానికి మొహం మాడ్చినా సరే.

అదే సంతలో స్ట్రాబెర్రీలు, పచ్చి బఠాణీ కాయలు లీటరు గిన్నెతో కొలిచి పోస్తారు. బఠాణీలు కూరకని అనుకోకు. ఆ దేశంలో పెద్దా చిన్నా అందరూ బల్ల మీద కూర్చుని కాయ ఒలుచుకుని పచ్చివే తినేస్తారు. అప్పుడే కోసినవి, తియ్యగా ఉంటాయి. మీ అమ్మకి చేతికి పనీ దొరుకుతుంది, కబుర్లకి తీరికా దొరుకుతుంది. అక్కడ ఆవిణ్ణి తొందరపెట్టకు. ఫోన్ సంచిలో పెట్టి నువ్వూ నాలుగు కాయలు ఒలు.

మీ నాన్నకి అసలైన విందు ముయిక్కు. వేలెడంత వెండి చేపలు, ఆ సరస్సువే. రై పిండిలో దొర్లించి వెన్నలో కరకరలాడేలా వేయిస్తారు, పక్కన బంగాళాదుంప ముద్ద, వెల్లుల్లి చట్నీలాంటిది ఏదో ఇస్తారు. ముళ్ళు తీయాలా అని అడుగుతారు ఆయన. అక్కర్లేదు, మొత్తంగా నమిలేయడమే. కారప్పొడి పొట్లం అప్పుడు తీసి ఇవ్వు. చల్లుకుని తిన్నాక మొహం చూడు. నౌకలు ఆగే రేవు పక్కన ఈ చేపలు వేయించి పెట్టే చోట్లు ఉంటాయి. మా రోజుల్లో రేవు దాటి అవతలి ఒడ్డున హువిలా అని పాత చెక్క భవనంలో బీరు కాచే రెస్టారెంటు కూడా ఉండేది. ఇప్పుడు తెరిచి ఉందో లేదో ముందు కనుక్కుని వెళ్ళు. మీ నాన్న బీరు సంగతి నేను రాయలేదని అనుకో.

మీ అమ్మ తిండి గురించి బెంగ పెట్టుకోకు. కరేలియా పీరక్క అన్ని బేకరీల్లోనూ దొరుకుతుంది. పల్చటి రై రొట్టె అంచులు మడిచి, మధ్యలో పాలల్లో ఉడికిన అన్నం పెట్టి కాలుస్తారు. పైన ఉడకబెట్టిన గుడ్డు వెన్నలో మెదిపి రాస్తారు. ఆవిడ గుడ్డు తింటుంది కాబట్టి ఇబ్బంది లేదు. లప్పేన్‌రాంటాలో కూడా ఉందిగా అంటావు. ఉంది, నువ్వే కొనుక్కోవు. నూడుల్స్ ప్యాకెట్లు తగ్గించి ఇవి తిను. పనిరోజుల్లో పదకొండింటి నుంచి చాలా హోటళ్ళలో భోజనం బల్ల మీద పెట్టేస్తారు. సలాడు, రొట్టె, కాఫీ అన్నీ అదే ధరలో. రాత్రి భోజనం కంటే బాగా చవక. కాబట్టి మధ్యాహ్నం గట్టిగా తినండి, రాత్రికి సంత తిండితో సరిపెట్టండి. ఒక్క హెచ్చరిక. గురువారం బఠాణీ పులుసు పెట్టడం అక్కడి ఆనవాయితీ. గిన్నెలో చిక్కగా, పచ్చగా కనపడగానే మీ అమ్మ పప్పనుకుంటుంది. అందులో పంది మాంసం వేస్తారు. గరిటె పెట్టకముందే ఆపు.

కోటకి పోయే దారిలో లిన్నన్‌కతు అని పాత వీధి, చెక్క ఇళ్ళతో ఉంటుంది. నెమ్మదిగా నడవండి, ఎక్కడ కాఫీ వాసన వస్తే అక్కడ కూర్చోండి. అక్కడే రీహిసారి మ్యూజియం ఉంది, ఒకప్పటి ధాన్యం గిడ్డంగి. రేవులో పాత ఆవిరి నౌకలు కట్టి ఉంటాయి. వాటిలో సలామా అన్నది 1874 నాటిది. 1898లో మునిగిపోతే 1971లో పైకి తీశారు. ఆ చన్నీళ్ళ అడుగున అన్నేళ్ళున్నా పాడవలేదు. మీ నాన్న దాని దగ్గరే గంట నిలబడతారు, నిలబడనీ. ఆ తర్వాత సంత దగ్గర పడవ ఎక్కండి. గంటా గంటన్నర దీవుల మధ్య తిప్పి తెస్తారు. మీ అమ్మ మోకాళ్ళకి అంతకన్నా సుఖమైన యాత్ర లేదు.

పడవలో సీలు కనపడుతుందేమోనని ఆశపెట్టకు. సైమా సీలు ప్రపంచంలో ఆ ఒక్క సరస్సులోనే ఉంది. మంచుయుగం తర్వాత సముద్రంతో తెగిపోయి ఆ నీళ్ళలోనే ఉండిపోయింది. ఒకప్పుడు రెండొందలకి లోపుకి పడిపోయాయి, ఇప్పుడు 400 దాటాయి. వాటి పిల్లలు వలల్లో చిక్కుకుని చచ్చిపోతున్నాయని వసంతంలో ఏప్రిల్ మధ్య నుంచి జూన్ ఆఖరుదాకా చాలా చోట్ల వలలు వెయ్యనివ్వరు. అవి రాళ్ళ మీదికెక్కి ఎండ కాగేది మే నెలలో. జులైకి నీళ్ళలోకి పోతాయి. వచ్చే మేలో నువ్వు స్నేహితులతో వెళ్ళి చూడు. దూరం నుంచి చూడు, దగ్గరికి పోయి ఫోటోలు తియ్యకు.

మూడో రోజు తిరుగు ప్రయాణంలో ఒకటే పెట్టుకో. రెండూ కుదరవు. కెరిమాకి చర్చి, లేదా పుంకహార్యు. కెరిమాకిలో 1847లో కట్టిన చెక్క చర్చి ఉంది. ప్రపంచంలో అంత పెద్ద చెక్క చర్చి ఇంకోటి లేదు, 3,000 మంది పైగా కూర్చోవచ్చు. కొలతలు తప్పు చదివి ఇంత పెద్దది కట్టేశారని ఊళ్ళో కథ చెప్తారు. కథే అది, కావాలనే కట్టుకున్నారు. బాగుంటుంది, కానీ బస్సులు తక్కువ, వేళలు చూసుకోవాలి. నా ఓటు పుంకహార్యుకి. మంచుయుగం నీళ్ళు పోగేసిన ఇసుక గట్టు, ఏడు కిలోమీటర్ల పొడుగు, రెండు పక్కలా సరస్సు, పైన పైన్ చెట్లు. రైలు అటే పోతుంది కాబట్టి వేరే బస్సు అక్కర్లేదు. లుస్తో స్టేషన్లో దిగితే అక్కడే అడవుల మ్యూజియం ఉంది. వాన పడితే అందులోకి, ఎండ ఉంటే గట్టు మీదికి. దోమల మందు మర్చిపోకు. ఆ దేశం దోమలు మన గోదావరి దోమలకి తీసిపోవు.

ఇంకో మాట మీ నాన్నకి సరదాగా చెప్పు. పాత ఫోన్లు ఎవరు దూరంగా విసిరితే వాళ్ళకి బహుమానం, ఆ ప్రపంచ పోటీ 2000లో ఈ ఊళ్ళోనే మొదలైంది. మీ బాబాయి అది విని "మేం రాత్రింబవళ్ళు కూర్చుని చేసేది ఇందుకా" అని రెండు రోజులు మాట్లాడలేదు.

ఒక్కటి గుర్తుంచుకో. ఈ ఊరు జులై మీద బతుకుతుంది. టీచర్ల శిక్షణ ఇచ్చే యూనివర్సిటీ శాఖ ఉండేది, 2018లో మూసి యోయెన్సూకి తరలించారు. కుర్రాళ్ళు తగ్గారు. ఒపెరా నెల తప్ప మిగతా రోజుల్లో వీధులు నెమ్మదిగానే ఉంటాయి. అందుకే జులైలో గదులు ఆకాశాన్నంటుతాయి, ఆలస్యమైతే ఆ ధరకీ దొరకవు. వంటిల్లు ఉన్న చిన్న ఫ్లాటు చూడు, రైలు స్టేషన్ సంత దగ్గరే కాబట్టి ఊరి మధ్యలో ఉంటే టాక్సీ అక్కర్లేదు.

ఇక డబ్బు. మూడు రోజుల గది అద్దె నేనిస్తాను. మీ అమ్మకి చెప్పకు, పేచీ పెడుతుంది. పార్ట్‌టైమ్ డబ్బులు దాచానని చెప్పు, ఈ ఒక్క అబద్ధానికి నా పూచీ. వాళ్ళ ముందు చదువు గురించి, ఉద్యోగం దొరుకుతుందా లేదా అన్న దిగులు గురించి మాట్లాడాలనిపిస్తే సంతలో బఠాణీలు ఒలుస్తూ మాట్లాడు. హెల్సింకీ పరుగుల్లో కుదరదు. ఏం చెప్పినా వాళ్ళు కోప్పడరు. నాన్న కోప్పడితే నాకు ఫోన్ చెయ్యి, బావగారితో నేను మాట్లాడతాను.

ఈ ఆదివారం కూర్చుని గది బుక్ చెయ్యి. ధర ఎంతో నాకు మెసేజ్ పెట్టు, సోమవారం పొద్దున్నే బ్యాంకులో వేస్తాను. శాంతాక్లాజ్ వాళ్ళకి అక్కర్లేదు.

మీ
పిన్ని